ఆరబెట్టిన దోనె

యాభై దాటిన మనిషిని పడవ కొనుక్కుంటానంటే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. "మోకాళ్ళ నొప్పులకి డాక్టరు నడవమన్నాడు గానీ తెడ్డు వెయ్యమన్నాడా?" అన్నారు మావారు. నేను గుంటూరులో లెక్కల పాఠాలు చెప్పుకునేదాన్ని. కోపం ముక్కు మీదే ఉంటుందని పిల్లలు వెనకాల అనుకుంటారు, నాకు తెలుసు. "మునిగితే నేను మునుగుతాను, మీకెందుకండీ బెంగ?" అని ఆయన నోరు మూయించాను.

కాయక్ అనే దాన్ని మొదట చూసింది ఫోన్లో. ఎవరో ఒకాయన ఎర్రటి ప్లాస్టిక్ పడవ మీద కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డు ఒళ్ళో పెట్టుకుని, గాలం వేసి కదలకుండా నీళ్ళకేసి చూస్తున్నాడు. ఒక్కడే. ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో! ఆ మెడ వంచిన తీరు అచ్చం మా బాబాయిదే. నాకు తెలియకుండానే కళ్ళు తడిశాయి.

మా ఊరు అమరావతి రోడ్డు నుంచి లోపలికి వెళ్ళాలి. నల్లరేగడి నేల, చుట్టూ మిరప, పత్తి, ఊరి పక్కన కృష్ణలో కలిసే వాగు. చేపలు పట్టాలంటే అందరూ ఒడ్డున నుంచుని వల విసరడమే. పడవ ఉన్నది మా బాబాయికి ఒక్కడికే. నాన్న తమ్ముడాయన. పొన్నూరు వైపు కాలువల ఊళ్ళో పెళ్ళికి వెళ్ళి, తాటిమొద్దు తొలిచి చేసిన దోనెని చూసి మనసు పారేసుకుని, దాన్ని ఎడ్లబండి మీద వేసుకుని వచ్చేశాడు. ఒక మనిషీ ఒక పిల్లా పట్టేంతది. ఆ పిల్లని నేనే.

పొలం నుంచి రాగానే నన్ను ముందు కూర్చోబెట్టుకుని వాగులోకి తోసేవాడు. జెల్ల చేపలకి ఎరగా వానపాముల డబ్బా నేను పట్టుకునేదాన్ని. నాకేమో నోరు ఊరుకోదు. "మాట్లాడమాక అమ్మాయ్, జెల్లలకి ఇనపడుద్ది" అనేవాడు. రెండు చేతులతో నోరు మూసుకుని, ఊపిరి కూడా ఆపుకుని కూర్చునేదాన్ని. గాలానికి కట్టిన బెండు మునిగిందా, ఇద్దరం ఒక్కసారే అరిచేవాళ్ళం. అంత సంతోషం మళ్ళీ ఎప్పుడు పడ్డానో నాకు గుర్తు లేదు.

ఎండాకాలంలో దోనెని ఏం చెయ్యాలో మా ఊళ్ళో బాబాయి ఒక్కడికే తెలుసు. దాంట్లో నీళ్ళు నింపి, రాళ్ళు పేర్చి, వాగు మడుగులో ముంచేసేవాడు. తాటిమొద్దు ఎండకు నెర్రెలిస్తుంది మరి. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. నాకు తెలిసిందల్లా మిరపకాయ. మా ఇంట్లో తడి అంటే శత్రువు. కాయ కళ్ళంలో ఆరాలి, పొద్దున్నే తిరగెయ్యాలి, రాత్రి మంచు పడకుండా పట్టా కప్పాలి. కాస్త తేమ తగిలిందంటే బూజు పట్టి తెల్లబడిపోతుంది, మిర్చి యార్డులో ఎవడూ దాని మొహం చూడడు.

నాకు పదేళ్ళప్పుడు, కాయ అమ్మడానికి గుంటూరు యార్డుకు వెళ్ళిన బాబాయి ధర కోసం అక్కడే నాలుగు రోజులు ఆగిపోయాడు. నేను వాగు వైపు వెళ్ళి చూద్దును కదా, నీళ్ళ అడుగున దోనె! అయ్యయ్యో, కుళ్ళిపోతోంది అనుకున్నాను. బాబాయి వచ్చి మెచ్చుకుంటాడని ఆశ కూడా పడ్డాను. తొడిమలు తియ్యడానికి పొరుగూరి నుంచి వచ్చిన ఇద్దరు కూలీలతో, బాబాయి బయటికి తియ్యమన్నాడని అబద్ధమాడాను. వాళ్ళు రాళ్ళు తీసి ఒడ్డున పోసి, దోనెని పైకి లాగి బోర్లించారు. మర్నాడు వెల్లకిలా తిప్పించాను. రాత్రి పాత పట్టా కప్పాను. మిరపకాయలకి ఎంత మర్యాద చేస్తామో దానికీ అంతా చేశాను. మూడో రోజు పట్టా ఎత్తితే, ఈ కొస నుంచి ఆ కొస దాకా నా చెయ్యి దూరేంత పగులు. పట్టా చంకన పెట్టుకుని ఇంటికి ఒకటే పరుగు. కూలీలు ఆ వారమే పని అయిపోయి వాళ్ళ ఊరు వెళ్ళిపోయారు.

బాబాయి వచ్చి చూసుకున్నాడు. ప్రయాణం హడావిడిలో ముంచడం మర్చిపోయాననుకున్నాడు. "ముంచినట్టే గుర్తమ్మా. రాళ్ళు కూడా పేర్చా" అన్నాడు నానమ్మతో. "పేరిస్తే ఒడ్డు మీదకి నడిచొచ్చిందా? బుర్ర ఏడ పెట్టుకున్నావురా!" అని నానమ్మ విరుచుకుపడింది. నేను అక్కడే కూర్చుని తొడిమలు తీస్తున్నాను. తల ఎత్తలేదు.

బాబాయి మళ్ళీ దోనె తెచ్చుకోలేదు. ఉన్నదాన్ని చూసుకోలేనోడికి ఇంకోటెందుకు అన్నాడు. ఆ తర్వాత ఆయనకొక అలవాటు పట్టుకుంది. గేటు గడియ పెట్టి పదడుగులు వేసి, వెనక్కి వచ్చి చూసుకుంటాడు. మోటారు ఆపానో లేదోనని అన్నం ముందు నుంచి లేచి పొలానికి వెళ్తాడు. ఇంట్లో అందరూ నవ్వేవాళ్ళు. సిగ్గు లేకుండా నేనూ నవ్వేదాన్ని. పెళ్ళయింది, ఉద్యోగం వచ్చింది, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. ఊరు వెళ్ళిన ప్రతిసారీ ఈసారి చెప్పెయ్యాలనుకోవడం, ఆయన గడియ చూసుకోవడానికి వెనక్కి వెళ్తుంటే చెప్పకుండానే తిరిగి రావడం. ఆయనకిప్పుడు ఎనభై దగ్గర పడింది. ఆయన్ని మళ్ళీ నీళ్ళ మీద కూర్చోబెట్టాలి, ఆ మాట చెప్పెయ్యాలి. నేను పడవ కొనాలనుకున్నది అందుకే.

ఇక పడవ ఎంపిక మొదలైంది. అది పెళ్ళిచూపులకంటే కష్టం. కాళ్ళు లోపలికి దూర్చి కూర్చునే రకం ఒకటుంది. బాబాయికి కుడి మోకాలు మడవదు, అందులోకి దిగితే మళ్ళీ లేవలేడు. గాలి కొట్టే రకాన్ని మడిచి సంచిలో పెట్టుకోవచ్చు, తేలిక. కానీ మా వాగు ఒడ్డంతా తుమ్మముళ్ళు, మొదటి రోజే చస్తుంది. దుకాణం అబ్బాయి పొడుగ్గా సన్నగా ఉన్నది ఒకటి చూపించి, "ఇది తీసుకోండి మేడమ్, స్పీడు బాగుంటుంది" అన్నాడు. "స్పీడెందుకు నాయనా? చేపల్ని తరుముతామా?" అన్నాను. పాపం, దాన్ని పక్కకి నెట్టేశాడు.

చివరికి వెడల్పుగా, పైన కూర్చునే రకం ఎంచాను. మెల్లిగా పోతుంది, ఒరగదు. సీటు కుర్చీలాగా ఎత్తులో ఉండాలని, బాబాయి ఏ మంచం మీద నుంచయితే సులువుగా లేస్తాడో దాని ఎత్తు టేపు పెట్టి కొలుచుకుని మరీ వెళ్ళాను. రెండు సీట్లది తీసుకున్నాను. ఆయన్ని ఒంటరిగా పంపలేను కదా అని అందరికీ చెప్పాను. అసలు సంగతి వేరే. వెనక కూర్చుంటే ఆయన మొహం చూడక్కర్లేదు.

వానలు తగ్గి, పత్తి మొదటి తీత అయ్యాక, ఒక ఆదివారం పొద్దున్నే పడవని ట్రాలీ ఆటోలో వాగు పక్కన మా చేను దాకా తీసుకెళ్ళాం. "మిరపపండు రంగేందే దీనికి!" అని బాబాయి చేత్తో తడిమి చూశాడు. లైఫ్ జాకెట్ వేసుకోమంటే, "ఈతొచ్చినోడికి ఈ కోటేంది?" అని గొడవ. వేసుకోకపోతే పడవ ఎక్కనివ్వనన్నాను. గొణుక్కుంటూనే తగిలించుకున్నాడు. ఆటో అబ్బాయీ నేనూ చెరో చెయ్యి పట్టుకున్నాం. సీటు మీద కూర్చుని, కుడికాలు చాపుకుని, "ఆహా" అన్నాడు. తెడ్డు ఎలా వెయ్యాలో చెప్పబోయాను. అప్పటికే ఆయన వేసేస్తున్నాడు.

మడుగు దగ్గర ఆపి గాలం వేశాడు. మెడ అలాగే వంచాడు. జుట్టంతా తెల్లబడింది, అంతే తేడా. ఇంకో నిమిషం ఆగితే చెప్పలేననిపించింది.

"బాబాయ్, దోనెని నువ్వు ఒడ్డున వదిలెయ్యలేదు. ముంచే వెళ్ళావు. కుళ్ళిపోద్దని నేనే తీయించి ఎండబెట్టాను."

బెండు మునిగింది, తేలింది. ఆయన లాగలేదు.

"అయితే ముంచానన్నమాట" అన్నాడు.

"ముంచావు. రాళ్ళు కూడా పేర్చావు."

"నలభై ఏళ్ళమ్మాయ్. నా చేతుల్ని నేనే నమ్మలా. ఒక్క ముక్క... ఒక్క ముక్క చెప్తే ఏం పోయిందే నీకు!"

పదేళ్ళ పిల్లకి భయం ఉండొచ్చు, యాభై ఏళ్ళదానికి ఏమొచ్చింది? ఏడుపు ఆపుకోలేకపోయాను. పడవంతా ఊగింది. ఆయన వెనక్కి తిరగలేదు. గాలం పైకి తీసి, పోయిన ఎర మార్చి, మళ్ళీ నీళ్ళలోకి వదిలాడు.

"ఏడవమాక" అన్నాడు. "జెల్లలకి ఇనపడుద్ది."

ఎండెక్కాక ఒడ్డుకొచ్చాం. పడవ ఆటోలో పెట్టించి, చేను గేటు బాబాయే మూసి గడియ పెట్టాడు. అలవాటు కొద్దీ నేను ఆగి నుంచున్నాను. ఆయన నేరుగా వెళ్ళి ఆటోలో కూర్చున్నాడు. "ఏందే, రావా? ఆకలేస్తుంది" అని కేకేశాడు.

గడియ పడిందో లేదోనని నేనే వెనక్కి వెళ్ళి చూశాను. పడింది.