పొగమంచులో కరిగిన నీలిచుక్క

పొలాల హద్దులు చూపే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌ను సైనికుల కోసం మార్చే పని రెండేళ్ళ క్రితం నాకు దొరికింది. దళంలో ఎవరు ఎక్కడున్నారో అందరి ఫోన్లలోనూ నీలిచుక్కలుగా కనిపించాలి. పాత స్థానాన్ని నమ్మి ఎవరూ మోసపోకూడదని, ఫోను నుంచి కబురు ఆగిన చుక్క మెల్లగా పాలిపోయి పది నిమిషాలకు చెరిగిపోయేలా లెక్క కట్టాను.

ఒక ఉదయం తొప్పూరు కనుమలో దాన్ని పరీక్షించారు. కొండలు పొగమంచులో తేలుతున్నాయి. గుడారంలో నా ముందున్న తెర మీద చుక్కలు చేపపిల్లల్లా ఈదుతున్నాయి. వాటిలో ఒకటి ఆ దళంలోనే ఉన్న మా తమ్ముడు వెంకటేశుది. అది లోయ అంచున ఆగింది, పాలిపోయింది, నేను పెట్టిన గడువుకు చెరిగిపోయింది. వెతకడానికి వాడు ఆగిన చోటు కూడా తెర మీద మిగల్లేదు. ఆ ఖాళీని చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు.

"ఏమిన్నా, అట్ల చూస్తా ఉండావు?" వెనక నుంచి వాడి గొంతు. "ఫోను లోయలో పడిపోయింది. నడిచి వచ్చేసినాను."

"నీ చుక్క పోయిందిరా!"

"పోతే పోనీన్నా, నేనుండాను గదా. టీ ఉందా?"

ఆ రోజే లెక్క మార్చాను. ఇప్పుడు కబురు ఆగిన చుక్క, చివరిగా కనబడిన చోట ఖాళీ వలయంగా నిలిచి ఉంటుంది. చూసేవాళ్ళకు అది సున్నా. నాకు మాత్రం, ఎవరో తిరిగి వచ్చేదాకా వాళ్ళ కోసం ఉంచిన చోటు.