రసమట్టంలో బుడగ

మా నాన్న తాపీమేస్త్రి. కట్టినదానిపై రసమట్టం పెట్టి, మట్టం కుదిరి బుడగ నడుమ నిలిస్తేనే నాతో "ఇక అన్నం పెట్టు తల్లీ" అనేవాడు.

బందరులో డాక్టరుగారి కిటికీలో ఎయిర్ కండిషనర్ బిగించిందీ ఆయనే. వారం తిరక్కుండానే గదిలోకి నీళ్లు కారాయి.

"మిషనే మంచిది కాదేమో మేస్త్రీ, మద్రాసు తిప్పి పంపేస్తా," అన్నారు డాక్టరుగారు. ఊరుకుంటే నాన్న పేరుకు మచ్చ లేదు.

ఆయన మిషనుపై రసమట్టం పెట్టాడు. బుడగ సరిగ్గా నడుమనే ఉంది.

"తప్పు నాదేనండీ. డాబాకైతే ఓ పక్కకి వాలుగా వాటం ఇస్తాం, దీనికి ఇవ్వలా. నీళ్లు బయటికెలా పోతాయి?" అన్నాడు గదిలో ఉన్న అందరి ముందూ.

నలుగురిలో నోరు విప్పలేని నేను అన్నం క్యారేజీ పట్టుకుని ఆయన్నే చూస్తూ నిలబడ్డాను.

మిషను వెనకవైపు వేలి మందం దించి బిగించాడు. నీళ్లు గోడ అవతల పడ్డాయి. మళ్లీ రసమట్టం పెడితే బుడగ పక్కకు జరిగి ఉంది.

"ఇక అన్నం పెట్టు తల్లీ," అన్నాడు.