ఉచిత వైఫైలో అప్‌డేట్

విండోస్ కొనమన్నవాళ్లను చూసి నవ్వి, లాప్‌టాప్‌లో పైసా ఖర్చు లేని లినక్స్ ఎక్కించిన ఘనుణ్ని నేను. నిజామాబాద్ బస్టాండులో ఉచిత వైఫై దొరకగానే అదే తెలివితో అప్‌డేట్ కూడా నొక్కాను.

బోధన్ బస్సెక్కి తెరిస్తే నల్లటి తెర. నా భార్య బడి కోసం నెల రోజులు కూర్చుని రాసిన పాఠాలన్నీ అందులోనే ఉన్నాయి. ఇంకో కాపీ లేదు. కంగారులో మీటలన్నీ కొడుతుంటే పక్క సీటులోని బురఖా ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

“గట్ల కొట్టకన్నా. లినక్సేనా? మా దుకాణం కంప్యూటర్ల గూడ గదే.”

“అన్నీ పోయినయా అక్కా?”

“ఏం పోలే. కొత్త అప్‌డేట్ ఖరాబైతదేమోనని పాత లినక్స్ గూడ లోపల్నే ఉంచుతది.”

ఆమె లాప్‌టాప్ బంద్ చేసి మళ్లీ ఆన్ చేసింది. ఒక జాబితా వస్తే అందులో పాతదాన్ని ఎంచింది. తెల్లటి అక్షరాలు పరుగెత్తి, మధ్యలో ఆగిపోయాయి. కాసేపటికి మళ్లీ కదిలాయి.

పాఠాలు తెరుచుకున్నాయి.

“పైసల్లేకుంట ఫుకట్ల వచ్చినా జర పైలంగ జూసుకోవాలన్నా” అని నవ్వి, ఎడపల్లిలో దిగిపోయింది. ఆమె పేరైనా నేను అడగలేదు.

బోధన్‌లో దిగగానే పాఠాలు కాపీ చేసుకోవడానికి పెన్‌డ్రైవ్ కొన్నాను. నిజాయితీగా లెక్క చెబుతున్నా: లినక్స్‌కు సున్నా, పెన్‌డ్రైవ్‌కు నాలుగు వందలు. నా జన్మలో బేరమాడకుండా కొన్నది అదొక్కటే.