పొగాకు నీళ్ళు చల్లిన మడి

ఈ మాట మా ఆయనకు చెప్పలేదు. నా బిడ్డలకు చెప్పలేదు. మా అమ్మ చచ్చేముందు నా చెయ్యి పట్టుకుని పడుకున్నప్పుడు చెబుదామనుకున్నాను, అప్పుడూ చెప్పలేదు. ఇన్నేళ్ళూ నేనొక్కదాన్నే మోశాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే ధైర్యం వచ్చిందేమో. నా పేరు మాత్రం అడగొద్దు.

విని నవ్వుతారు కూడా. ఒక చెవులపిల్లి చచ్చిన సంగతి ఇది. మనుషులకే దిక్కులేని ఆ రోజుల్లో చెవులపిల్లి ఒక లెక్కా అంటారు. నేనూ అలాగే అనుకుని నన్ను నేను చాలాకాలం బుజ్జగించుకున్నాను. చచ్చింది చెవులపిల్లి ఒక్కటే అయితే ఎప్పుడో మరిచిపోయేదాన్ని.

ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కింద మా అమ్మకు కూరగాయల మడులుండేవి. నాన్న లేడు. అమ్మ పండిస్తే నేను కట్టలు కట్టేదాన్ని. మా గోడకు ఆనుకుని చాంద్‌బీ చిన్నమ్మ ఇల్లు. ఆమె పెనిమిటి పట్నానికి జట్కా తోలేవాడు. ఒకసారి వస్తూ వస్తూ కూతురు మున్నీ కోసం తెల్లటి చెవులపిల్లిని తెచ్చాడు. మా ఊళ్ళో చెవులపిల్లి అంటే వల వేసి పట్టి కూర వండుకునేదే. దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆకులు తినిపించడం చూసి జనం విరగబడి నవ్వారు. "ఎప్పుడు కోస్తున్నవ్ చాంద్‌బీ? మాక్కూడ జర పులుసు పంపు" అనేవాళ్ళు. మున్నీ ఏడుపు లంకించుకునేది.

వాళ్ళకూ ఉన్నది అంతంతమాత్రమే. కొని పెట్టే స్తోమత లేక చిన్నమ్మ రోజూ మా మడి దగ్గరికి వచ్చి, అమ్మకానికి పనికిరానివి ఏరుకునేది. ముల్లంగి ఆకులు, కొత్తిమీర కాడలు, గట్టున గరిక. ఏది పెట్టాలో, ఏది పెట్టకూడదో నాకూ నేర్పింది. వంకాయ ఆకు వద్దు, ఉల్లిగడ్డ వద్దు, మొలకలొచ్చిన ఆలుగడ్డ అసలే వద్దు. తడి ఆకు ఆరబెట్టి పెట్టాలి. "కడుపుకు గడ్డి, నాలుకకు ఆకు" అనేది. ఇంకొకటి కూడా చెప్పింది. "పురుగు కొరికిన ఆకు సూసి తెంపు బిడ్డా. పురుగు తిని బతికిందంటే గిది గూడ బతుకుతది."

ఆ మాట గుర్తుపెట్టుకోండి. నేను ఆ మాటనే అడ్డం పెట్టుకున్నాను.

పోలీస్ యాక్షన్ వచ్చింది. రజాకార్లు చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు. వాళ్ళు చేసిన పాపాలకు, ఏ పాపం ఎరగని ముసల్మానుల తలుపులు బాదడం మొదలైంది. చిన్నమ్మ పెనిమిటి పట్నంలోనే చిక్కుపడిపోయాడు. ఆడమనిషి, పసిపిల్ల, ఇంట్లో ఇద్దరే. వాళ్ళను కాపాడింది పోచయ్య మామ. చెరువులో చేపలు పట్టేవాడు. చిన్నమ్మను చెల్లె అని పిలిచేవాడు. ఒక తెల్లవారుజామున తల్లీబిడ్డలను తెప్ప మీద పడుకోబెట్టి, పైన వలలు కప్పి, చెరువు దాటించాడు. కోహెడ మీదుగా నడిపించి పట్నంలో వాళ్ళ చుట్టాలింట్లో దింపి వచ్చాడు. దొరికితే వాడి తల కూడా పోయేది.

పోయేముందు చిన్నమ్మ ఇల్లు చూడమనలేదు, మేకలు చూడమనలేదు. మున్నీ ఏడుస్తుంటే చెవులపిల్లిని నా ఒళ్ళో పెట్టి, "మీకు మడులున్నయి గద, ఆకుకు ఫికర్ లేదు" అంది. అంతే.

ఆకుకు ఫికర్ లేదా? కొన్నాళ్ళు ఆ చింత లేదు. బండ్లు నడవక కూరలు మడిలోనే ముదిరిపోయాయి. తర్వాత మిలిటరీ వాళ్ళు దగ్గర్లో డేరాలు వేశారు. పండిందంతా కొనుక్కునేవాళ్ళు. కట్ట బాగుంటే ఎంతంటే అంత. అమ్మ మొహంలో నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో! ఈ గంప అమ్ముడుపోతే గాజులు కొనిపెడతానంది. దాంతో నాకు చెవులపిల్లి నోట్లోకి పోయే ప్రతి ఆకూ నా గాజుల్లోంచి విరిగిపోతున్నట్టే కనిపించింది. ముల్లంగి కూడా ఆకుతో సహా కావాలన్నారు వాళ్ళు. గట్టున గరిక ఎప్పుడో తెంపేశాను, ఇక మిగిలేదేముంది?

మిగిలింది చివరి మడి తోటకూర. దానికి పురుగు పట్టింది. మా దగ్గర పురుగు పడితే పొగాకు కాడలు కుండలో నానబెట్టి, ఆ నీళ్ళు చల్లుతారు. చల్లిన మడి గట్టున వేపరొట్ట గుచ్చుతారు. అది కనిపిస్తే, మంచి వాన పడి కడిగేదాకా ఎవరూ ముట్టరు. మేకను కూడా అటు పోనివ్వరు. చల్లింది అమ్మ. రొట్ట గుచ్చింది నేనే.

ఆ మడిలోంచే తెంపాను.

తెలియక చేశానని చెప్పుకోవచ్చు. పదేళ్ళు దాటిన పిల్లను, పురుగు కొరికిన ఆకు మంచిదని పెద్దామె చెప్పింది, అందుకే ఏరి తెంపాను అనొచ్చు. చాలా ఏళ్ళు నాకు నేను అలాగే చెప్పుకున్నాను. కానీ చిల్లుల పక్కనే పురుగులు చచ్చి అంటుకుని ఉన్నాయి. చూశాను. వాటిని గోటితో విదిలించాను. పావడాకు తుడిచాను. ఇదేమవుతుందిలే అనుకున్నాను. కడగడానికి కాలువ నాలుగు అడుగుల్లో ఉంది, అమ్మ పిలుస్తోందని కడగలేదు. ఇది తెలియకపోవడమా? మీరే చెప్పండి.

ఆ ఆకు తిన్నాక చొంగ కార్చింది. వెనకకాళ్ళు కొట్టుకుంది. నా ఒళ్ళోనే కాసేపు వణికి ఊరుకుంది. అయ్యో, ఎంత తేలిగ్గా పోయిందో! వంకాయ మడి చివర గుంట తీసి పాతిపెట్టాను.

చెవులపిల్లిని మూసిపెట్టే గంప ఖాళీగా ఉందని అమ్మకు చెప్పాను. ఎవరైనా వచ్చారా అంది. పోచయ్య మామ వచ్చాడన్నాను. అది నిజమే, పొద్దున్నే వల భుజాన వేసుకుని రోజూ మా మడి మీదుగానే పోతాడు. చేతిలో ఏమన్నా ఉందా అంది. బుట్ట ఉందన్నాను. అదీ నిజమే. బుట్టలో ఏమన్నా కనపడ్డదా అంది. అప్పుడు నేను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. తెల్లగా ఏదో కనపడ్డదన్నాను.

గలాటా సద్దుమణిగాక చిన్నమ్మ తిరిగొచ్చింది. ఇంట్లో రాగి బిందెలు లేవు, మేకలు లేవు, తలుపు రెక్క కూడా లేదు. ఎవరు ఎత్తుకుపోయారో తెలియదు. మున్నీ మాత్రం నేరుగా మా ఇంటికి పరుగెత్తుకొచ్చి "నా చెవులపిల్లేది?" అంది. అమ్మ నేను చెప్పిందే చెప్పింది. చిన్నమ్మ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. చెవులపిల్లిని తిన్నవాడు బిందెలు వదులుతాడా? మేకలు వదులుతాడా? ఆ లెక్క ఆమె నోటితో అనలేదు. ఊరంతా అనుకుంది.

పోచయ్య మామను పిలిపించారు. వాకిట్లో గొంతుక్కూర్చుని నా మొహంలోకి చూశాడు.

"బిడ్డా, నువ్వు సూసినవా?"

"అవ్. సూసిన."

"ఏం సూసినవ్?"

"నీ బుట్టల తెల్లగ కనవడ్డది మామా."

"సరే బిడ్డా. నువ్వే సూసినవంటే ఇగ నేనేమంట" అని తువ్వాలు దులుపుకుని లేచాడు.

చిన్నమ్మ ఒక్కమాటే అంది. "అన్నా అని నమ్మిన."

వాడికి తెలుసా? వంకాయ మడి పక్కనుంచే రోజూ పోయే మనిషి, కొత్తగా తవ్విన మన్ను చూడలేదా? చూసి, పసిపిల్లను నలుగురిలో దొంగను చెయ్యడం ఎందుకని ఊరుకున్నాడా? లేక నిజంగానే నోట మాట రాలేదా? నన్ను నేనే ఎన్నిసార్లు అడిగానో. వాడికి తెలుసనుకుంటే చచ్చిపోవాలనిపిస్తుంది. తెలియదనుకుంటే ఇంకా చావాలనిపిస్తుంది.

ఆ తర్వాత ఊళ్ళో వాడి చేపలు ఎవరూ కొనలేదు. తెప్ప మీద ప్రాణాలు పెట్టి దాటించిన చెల్లె గడప మళ్ళీ తొక్కలేదు. రావిర్యాలలో బావమరిది దగ్గరికి పోయి అక్కడే పోయాడట. గాజులు మాత్రం నాకు వచ్చాయి. ఎర్రవి. వేసుకున్నాను కూడా. ఛీ, నా బతుకు.

చిన్నమ్మ వాళ్ళు తర్వాత పట్నం పోయారు. మున్నీ బతికుంటే ఇప్పుడు నాలాగే ముసలిదై ఉంటుంది. మనవలను దగ్గర కూర్చోబెట్టుకుని, మా ఊళ్ళో పోచయ్య అని ఒక చేపలాయన ఉండేవాడు, ఒక చేత్తో మమ్మల్ని కాపాడి ఇంకో చేత్తో నా చెవులపిల్లిని కోసుకుతిన్నాడు అని చెబుతూ ఉంటుంది. వాళ్ళు కూడా వాడిని ఛీకొడుతూ ఉంటారు. అదే నాకు నిద్రపట్టనివ్వదు. నా నోట్లో పుట్టిన అబద్ధం నేను చచ్చినా చావదు.

క్షమించమని అడగను. అడగాల్సిన మనిషి లేడు, ఉన్నా ఏ మొహం పెట్టుకుని అడుగుతాను? ఈ ముక్క ఒకసారి పైకి అంటే చాలనిపించింది, అందుకే అంటున్నాను. మున్నీ, పోచయ్య మామ దాన్ని తినలేదు. నేను చంపాను.