తీపెట్టి ఆఫీసులో ఇంగ్లీషు పాటలు

పోయిన వారం విరుదునగర్‌లో నేను పనిచేసే నూలు మిల్లుకి మా సెక్షన్ ఇంజనీరు ఒక సీడీ తెచ్చాడు. అట్ట మీద ఎర్రటి సాయంత్రం, దాని ముందు ఒక గిటారు, కింద డెబ్బైలు, ఎనభైలు, తొంభైల నాటి రాక్, పాప్ పాటల తీపి జ్ఞాపకాలు అని పెద్ద అక్షరాలు. నూట ఇరవై పాటలు. టిఫిన్ క్యారియర్లు విప్పే వేళకి దాన్ని కంప్యూటర్లో పెట్టాడు. నలుగురూ కళ్ళు అరమూసి, తమ కాలేజీ రోజులు అప్పుడే గుమ్మంలోకి వచ్చినట్టు తలలు ఊపారు. నాకు తప్పులు పట్టే రోగం ఉంది. ఒకటి, పాటల్ని అక్షరక్రమంలో పెట్టారు. అంటే ఏడుపు పాట వెనకే గంతులు వేసే పాట. రెండు, ఎక్కువ పాటలు ఇమడటానికి ప్రతి పాట తోకా కత్తిరించారు. మూడు, ధ్వని పెంచి పెంచి డ్రమ్ము దెబ్బని రేకు మీద రాయి పడ్డట్టు చేశారు. ఇంతవరకే అయితే చిరాకు పడి ఊరుకునేవాణ్ణి. కానీ ఆరో పాట నాకు తెలిసిన పాట. అది మొదలవగానే నోట్లోని పెరుగన్నం పుల్లగా తిరిగింది. పాట బరువుగా, జిగురుగా, జ్వరం వచ్చినవాడు మెట్లెక్కుతున్నట్టు సాగుతోంది. లేచి వెళ్ళి ముద్ద ఉమ్మేసి ముఖం కడుక్కున్నాను. నిజానికి సీడీలో ఆ పాట వేగంలో ఏ లోపమూ లేదు. అది దాని అసలు వేగంలోనే ఉంది. ఆ వేగాన్ని నా చెవి ఎప్పుడో పోగొట్టుకుంది. ఎలా పోగొట్టుకుందో చెప్పాలంటే తమిళనాడులోని మా ఊరు కోవిల్‌పట్టికి, తొంభైల మధ్యకి వెళ్ళాలి.

అగ్గిపెట్టెలు చేసే షెడ్డుని మా ఊళ్ళో తీపెట్టి ఆఫీసు అంటారు. ఆఫీసంటే బల్లలూ ఫ్యాన్లూ అనుకునేరు. రేకుల కప్పు, సిమెంటు నేల, వరసగా కూర్చున్న ఆడవాళ్ళు. మా వెనక వీధిలోని అలాంటి ఆఫీసుకి మా చిన్నమ్మ ఇరవై ఏళ్ళు పోయింది. ఆమె అమ్మకి చెల్లెలు. అమ్మ పోయాక, నాకు ఆరేళ్ళప్పటి నుంచి ఆమే అన్నం పెట్టింది. ఆమె పని చట్రం నింపడం. గాళ్ళున్న సన్నటి చెక్క పలక మీద గుప్పెడు పుల్లలు పోసి ఒక్క జాడింపు జాడిస్తే గాడికొక పుల్ల పడుతుంది. దాని మీద ఇంకో పలక. అలా యాభై చిల్లర పలకలు పేరిస్తే ఒక చట్రం. దాన్ని బిగించి పంపితే అవతల మైనంలోనూ మందులోనూ ముంచుతారు. మందు వాసన, జిగురు వాసన, మధ్యాహ్నానికి షెడ్డులో పేరుకునే చెమట వాసన, ఈ మూడూ చిన్నమ్మ చీరలో ఇంటికి వచ్చేవి. చిన్నప్పుడు ఆ కొంగే నాకు దిండు. పాలిటెక్నిక్‌లో చేరాక ఆమె పక్కన కూర్చుంటే ముఖం అటు తిప్పుకునేవాణ్ణి. అలా తిప్పుకున్న ముఖం తలుచుకుంటే ఇప్పుడు రోత పుడుతుంది.

ఆఫీసులో ఒక టేప్‌రికార్డరు ఉండేది. తమిళ సినిమా పాటలు పెడితే పని సాగుతుందని యజమాని నమ్మకం. సాగేది కాదు. తెలిసిన పాట వస్తే ఆడవాళ్ళు కలిసి పాడేవాళ్ళు. పాట అయ్యాక, ఆ సినిమాలో వాడు ఆ పిల్లని విడిచిపెట్టడం న్యాయమా కాదా అని రెండు వరసలు తగువు పడేవి. ఏడుపు పాట వస్తే పుల్లలు పట్టుకున్న చేతులు ఒళ్ళోనే ఉండిపోయేవి. కణక్కుపిళ్ళకి, అంటే పని లెక్క చూసే పెద్దమనిషికి, ఇది తీరని బాధ. నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదువుతున్నానని ఆ టేప్‌రికార్డరు మొరాయిస్తే నన్నే పిలిచేవాడు. ఒక శనివారం నేను దాని హెడ్ తుడుస్తూంటే తమిళంలో గోడు వెళ్ళబోసుకున్నాడు. "తంబీ, నేను పాట పెట్టేది చేతుల కోసం. వీళ్ళు నోళ్ళతో పని చేస్తారు." నేను తలెత్తకుండానే అన్నాను. "పాడటానికి వీల్లేని పాటలు పెట్టండన్నా. ఇంగ్లీషువి." ఆయన "చదువు నీకు బాగా ఎక్కింది" అన్నాడు. ఆ మెప్పు వారం రోజులు నాలో తియ్యగా తిరిగింది.

రోజూ మొఫసిల్ బస్సులో విరుదునగర్ పాలిటెక్నిక్‌కి వెళ్ళివచ్చేవాణ్ణి. అక్కడ బస్టాండు పక్క సందులో పాటలు రికార్డు చేసిచ్చే కొట్టు ఒకటి ఉండేది. చీటీ రాసిస్తే నాలుగైదు రోజుల్లో ఖాళీ క్యాసెట్ నింపి ఇచ్చేవాళ్ళు. అందరూ ఇష్టమైన పాటలు రాసుకొచ్చేవాళ్ళు. నేను హాస్టల్ మిత్రుల ఇంగ్లీషు క్యాసెట్లు అరువు తెచ్చి, చేతి గడియారం పెట్టుకుని, నిమిషానికి ఎన్ని దెబ్బలో లెక్కపెట్టి, గళ్ళ కాగితం మీద పట్టిక వేశాను. పాట నిడివి ఒక గడి, దెబ్బలు ఒక గడి, మధ్యలో ఆగుతుందా లేదా అన్నది ఒక గడి. నెమ్మదిగా గిటారు మీటుతూ మొదలయ్యేవి కొట్టేశాను. ప్రేయసిని తలుచుకుని మూలిగేవి కొట్టేశాను. క్యాసెట్ మొదటి పక్క ఓ మోస్తరువి, భోజనానికి ముందు వచ్చే రెండో పక్క కాలు నిలవనివ్వనివి. ఎవరో దూరదేశపు కుర్రాళ్ళు ఏ కోపంతోనో ఏ వలపుతోనో పాడుకున్న పాటలు నా కాగితం మీద చట్రాలు నింపే పనిముట్లయ్యాయి. మొదటి సోమవారం షెడ్డులో మాట వినపడలేదట. పుల్లలు జాడించే చప్పుడు పాటతో కలిసి పడిందట. కణక్కుపిళ్ళ నాకు పొట్లం కట్టి కడలై మిఠాయి పంపించాడు, చిన్నమ్మ చేతికే ఇచ్చి. పల్లీలూ బెల్లమూ పటపటా నమిలి తిన్నాను.

రెండు వారాలకి మళ్ళీ కబురు పెట్టాడు. "ఇంకొంచెం జోరుగా ఉండేవి దొరకవా తంబీ?" కొత్త క్యాసెట్ అంటే మళ్ళీ వారం. నా జేబులో గడియారాలు విప్పే స్క్రూడ్రైవర్ ఉంది. టేప్‌రికార్డరు మోటారు వెనక సన్నటి బెజ్జం ఉంటుంది, దాని లోపల వేగం సరిచేసే స్క్రూ. వెంట్రుకవాసి తిప్పాను. గొంతులు కొద్దిగా సన్నబడ్డాయి. తమిళ పాటైతే పల్లవిలోనే పట్టేసేవాళ్ళు. తమకి నచ్చిన గాయకుడి గొంతు కీచుమంటే ఊరుకుంటారా. ఈ పాటలు అసలు ఎలా ఉంటాయో షెడ్డులో ఒక్కరికీ తెలియదు. నా ఉపాయంలో అందమంతా అక్కడే ఉందనుకున్నాను. ప్రతి శనివారం ఇంకో వెంట్రుకవాసి. నాలుగో శనివారానికి వేగం పదో వంతు పెరిగింది. నోటుపుస్తకంలో రాసుకున్నాను కూడా. పరీక్షల సెలవులు వచ్చాయి, ఇంట్లో కూర్చుని చదువుకుంటుంటే ఆ సన్నబడ్డ గొంతులే రోజంతా గోడ దాటి వచ్చేవి. కొన్నాళ్ళకి నాకూ అవే అసలు గొంతులైపోయాయి.

ఒక సాయంత్రం చిన్నమ్మ కుడి బొటనవేలి మొదట్లో వెచ్చటి నూనె రాసుకుంటూ అడిగింది. "ఆ ఇంగ్లీసోళ్ళు ఏంటికి సామీ అంత ఆత్రంగా పాడతారు? ఆళ్ళ ఎనకాల గూడా కణక్కుపిళ్ళ నిలబడి ఉండాడా?" నాకు నవ్వొచ్చింది. నిజంగానే నవ్వాను. "అది వాళ్ళ పద్ధతి చిన్నమ్మా" అన్నాను.

"ఏం పద్దతో. పాటతో నా చెయ్యి పోలేకుండా ఉండాది. పక్కన కూసునే కొత్త కోడలు టకటకా ముగించేస్తాది. నాకు ఈడ పట్టేసుకుంటా ఉండాది."

ఇంకా చెప్పింది. భోజనం లోపల ముగించాల్సిన చట్రాల సంఖ్య గోడ మీది నల్లబోర్డులో మారిందట. చట్రాలు జోరుగా వస్తున్నాయి కదా, ఇక ఇదే కొలత అన్నాడట కణక్కుపిళ్ళ. వారం పాటు అది అందుకోలేనివాళ్ళు వేరే ఆఫీసు చూసుకోవాలట. "నేను ఎట్లన్నా ముగిస్తాను, నువ్వు చదువుకో" అని, నన్నే సముదాయిస్తున్నట్టు, ఎడం చేత్తో నా కంచంలో ఇంకో దోసె వేసింది. ఆ దోసె తిన్నాను. రెండోది కూడా తిన్నాను.

ఆ శనివారం వెళ్ళి, ఏదో తుడిచే నెపంతో, స్క్రూని మొదటి చోటికి తిప్పేశాను. ఎవరికీ చెప్పలేదు. అంతా సరిచేశాననుకున్నాను. సోమవారం పొద్దున్నే మూడు వరసల ఆడవాళ్ళూ ఒకటే గోల. పాట నీలుగుతోందట, మిషనుకి ఒంట్లో బాగాలేదట, చెయ్యి ఎక్కడ పడాలో తెలియడం లేదట, చట్రాలు తగ్గితే ఎవరు పూచీ అట. నల్లబోర్డు మీది సంఖ్య మాత్రం అక్కడే ఉంది. అందరికంటే గట్టిగా అడిగింది మా చిన్నమ్మే. నన్ను పిలుచుకు రావడానికి వచ్చిందీ ఆమే. "మా అబ్బాయి రెండు నిమిసాల్లో జేస్తాడు" అని షెడ్డంతా వినపడేలా చెప్పి నన్ను ముందుకు తోసింది. వెనక మూత విప్పాను. ఈ పాటలు పుట్టిందే ఈ వేగంలో అని చెప్పడానికి నోరు రాలేదు. చెప్తే అంతకు ముందు శనివారాలన్నీ బయటపడతాయి. అందరూ చూస్తుండగా మళ్ళీ పదో వంతు తిప్పాను. "ఆ, ఇప్పుడు సరి" అని అందరికంటే ముందు చిన్నమ్మే పలక అందుకుంది.

చిన్నమ్మ ఇంకో తొమ్మిది రోజులు పనిచేసింది. బోర్డు మీది సంఖ్య అందుకోలేదని తర్వాత రావద్దన్నారు. ఇరవై ఏళ్ళు ఆమె కూర్చున్న చోట మర్నాడు వేరే మనిషి కూర్చుంది. కొన్ని నెలలు తిరిగి, కడలై మిఠాయి చేసే ఒకరింట్లో పల్లీల్లో రాళ్ళు ఏరే పని సంపాదించుకుంది. నేను డిప్లొమా ముగించి విరుదునగర్ వచ్చేశాను. తర్వాత ఆ ఆఫీసుకి చట్రాలు నింపే యంత్రమే వచ్చింది. యంత్రానికి పాటలు అక్కర్లేదు. మా మిల్లు మిత్రులు ఆ పాటలు విని తమ పడుచుతనం గుర్తు చేసుకుంటారు. నాకు గుర్తొచ్చేది వెనక మూత విప్పిన నా చెయ్యి, ఏమాత్రం వణకని చెయ్యి.

నిన్న ఆదివారం కోవిల్‌పట్టి వెళ్ళి చిన్నమ్మకి మొత్తం చెప్పాను. ఆమె అరుగు మీద కూర్చుని మునగాకు దూస్తోంది, బొటనవేలు వంగదు కాబట్టి ఎడం చేత్తో. స్క్రూ సంగతి, శనివారాల సంగతి, ఆ సోమవారం సంగతి చెప్పాను. చివరికి నా అలవాటు కొద్దీ, క్యాసెట్‌లో నలభై అయిదు నిమిషాల పక్క నలభై ఒకటిలో అయిపోయేదని కూడా చెప్పాను. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది.

"అంటే పక్కకి నాలుగు నిమిసాలు మిగిల్నాయి" అంది.

"అవును చిన్నమ్మా."

"రెండు పక్కలకి ఎనిమిది. దినం దినం."

"అవును."

ఆమె ఆకు దూయడం ఆపి, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "ఆ మిగిల్న నిమిసాలు యాడికి పోయినాయి సామీ? మాకెవురికీ ఇయ్యలేదే."

నేను వేసిన ఏ పట్టికలోనూ దానికి గడి లేదు. రోజులు ఇట్టే పరుగెత్తిపోయాయని మనం తేలిగ్గా అనుకుంటాం గానీ, కాలం దానంతట అది పరుగెత్తదు. ఎవరో ఒకరి చేతులు దాన్ని అందుకోలేక వెనకబడిపోయి ఉంటాయి.