సీటు పట్టుకున్న నవల

ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు బస్సు ప్రయాణమంటే చాలామందికి విసుగు. నాకైతే ఆ కాసేపు చాలదు. మా ఇల్లు శిల్పాలు చెక్కే షెడ్ల పక్కనే ఉంటుంది. పొద్దున మొదలైన రాళ్ల మిషన్ల రొద దీపాలు పెట్టేదాకా ఆగదు. దానికి తోడు నేను పుస్తకం పట్టుకుంటే చాలు, అమ్మకు ఎక్కడలేని పనులూ గుర్తొస్తాయి. బస్సులో నన్ను బియ్యం ఏరమనేవాళ్లు లేరు. అందుకే డిగ్రీలో చేరినప్పటి నుంచి నా అసలు చదువు బస్సులోనే సాగుతోంది.

ఒళ్లో పుస్తకం కనబడితే పక్కవాళ్లు అడిగేది ఒకటే మాట, పరీక్షలా అని. కాదు, నవల అంటే అయ్యో పాపం అన్నట్టు చూస్తారు. ఒక పెద్దాయన మీ నాయనకు చెప్తానని బెదిరించాడు కూడా. మా నాయన ఎవరో ఆయనకు తెలియదు. ఇలాంటివాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆకలికే తింటామా, రుచికి తినమా? చదువూ అంతే కదా.

నంద్యాల గ్రంథాలయంలో నాకు కార్డు ఇచ్చిన సారు మాటలు తూకం వేసి మాట్లాడే మనిషి. పుస్తకం పోగొడితే అదే పుస్తకం తెచ్చివ్వాలి, లేకపోతే కార్డు రద్దు అని మొదటిరోజే చెప్పేశాడు. ఆ వారం నా చేతిలో ఉన్నది ఇప్పుడు ఎక్కడా అచ్చులో లేని పాత నవల. అట్ట ఊడిపోతే ఎవరో దబ్బనంతో కుట్టారు. నాకంటే ముందు చదివినవాళ్లు పక్కన పెన్సిలుతో రాసిన మాటలు నవలకంటే బాగున్నాయి. నాయిక ఏడ్చిన ప్రతిచోటా ఒకరు ‘ఈమెకు బుద్ధి లేదు’ అని రాశారు. ఇంకొకరు దాని కిందే ‘నీకుందా?’ అని అడిగారు. వాళ్లందరితో కలిసి చదువుతున్నట్టే ఉండేది. ఇక చివరి నాలుగు పేజీలే మిగిలాయి. శనివారానికి తిరిగి ఇచ్చేయాలి.

మా దిక్కున బస్సెక్కడానికి ఒక పద్ధతుంది. బస్సు స్టాండులోకి రాగానే కిటికీలోంచి సీటు మీదికి తువ్వాలో సంచో వేస్తాం. అది పడితే సీటు మనదే. ఎంత మొరటు మనిషైనా దాన్ని తీసి పక్కన పెట్టి కూర్చోడు. ఆడవాళ్లకు టికెట్టుకు డబ్బులు తీసుకోవడం మానేశాక రద్దీ పెరిగి, ఈ తువ్వాళ్ల యుద్ధం ఇంకా ముదిరింది.

శుక్రవారం సాయంత్రం నిలబడే చదువుతున్నాను. కార్తీకమాసం కావడంతో నంద్యాల స్టాండు మహానంది పోయే జనంతో కిటకిటలాడుతోంది. రెండు బస్సులు ఒకదాని పక్కన ఒకటి వచ్చి ఆగగానే జనం ఒక్కసారిగా కదిలారు. నేనూ కదిలి, చేతిలో వేరే ఏమీ లేక, చదువుతున్న చోట టికెట్టు చీటీ పెట్టి నవలనే కిటికీలోంచి వేశాను. తోపులాటలో పడి లోపలికెక్కి చూస్తే నా సీట్లో ఒక పెద్దామె కూర్చుని ఉంది. పుస్తకం లేదు. పుస్తకం తీసేసి కూర్చున్నారని ఆమెతో గట్టిగానే గొడవ పెట్టుకున్నాను. ఆమె ఒకసారి లేచి సీటంతా చూపించింది. అంతలో పక్కనున్న మహానంది బస్సు కదిలింది. దాని కిటికీ పక్క సీట్లో, నిండిన బస్సులో మనిషి లేని ఒకే ఒక్క సీట్లో, నా నవల దర్జాగా కూర్చుని పోతోంది.

నవలను ఒక బస్సులో వేసి నేను ఇంకో బస్సెక్కాను. పెద్దామె జరిగి నాకు చోటిచ్చింది, అందుకు ఇంకా సిగ్గేసింది. మా కండక్టరు మాత్రం పుస్తకం యాడికీ పోదనీ, పొద్దున అదే బస్సు ఈడికే వస్తుందనీ ధైర్యం చెప్పాడు. ఆ రోజు ఇంట్లో అన్నం సయించలేదు. కార్డు పోతే మళ్లీ పాఠ్యపుస్తకాలే గతి. దేవుడు అంత కష్టం పెట్టకూడదని ప్రార్థన కూడా చేశాను.

శనివారం పొద్దున్నే స్టాండులో కాపు కాశాను. నవల సంగతి అడగగానే మహానంది బస్సు కండక్టరు నవ్వాడు. ఊరు దాటేదాకా నా పుస్తకాన్ని ఎవరూ ముట్టుకోలేదట. మనిషి ఇక రాడని తేలాక, రోజూ ఆ బస్సులోనే వచ్చిపోయే పూలమ్మే ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుందట. పూలు కొనడానికి ఆమె ఈ బస్సులోనే వచ్చిందని వెనక్కి చూపించాడు.

ఆమె గంప దించి, తడి తగలకుండా కవరులో చుట్టిన నవల తీసింది. ఇంటికి పోయి రాత్రంతా చదివానని చెప్పగానే నాకు కొత్త భయం పట్టుకుంది.

“చివర ఏమైందో మాత్రం చెప్పొద్దక్కా,” అన్నాను.

“నాకేం తెలుసు పాపా? నువ్వు చీటీ పెట్టిన కాడికే చదివినా.”

ఎందుకు ఆపావని అడిగాను. నాకు ఈ మాత్రం తెలియదా అన్నట్టు చూసింది.

“చీటీ ఏసింది నువ్వు గదా. ఆడ నుంచి నీది. నువ్వు కూర్చోకముందే నేనెట్ల కూర్చుంటా?”

నాలుగే పేజీలు. చేతిలో పుస్తకం, పక్కన ఎవరూ లేరు. నేనైతే ఆగేదాన్ని కాదు. ఆమెనే చూస్తూ నిలబడ్డాను.

“చూస్తాండావేంది, చదువు. పైకి చదువు. ఆ పిల్ల ఏమైందో తెలీక నాకు నిద్ర రాల్యా,” అంది.

అక్కడే బెంచీ మీద కూర్చున్నాం. ఆదివారాలు మందిరంలో బైబిలు వాక్యం చదివేది నేనే, కాబట్టి నా గొంతు స్టాండు రొదలో కూడా నిలబడింది. కండక్టరు కూడా వచ్చి పక్కన నిలబడి కాసేపు విన్నాడు. నాయిక ఏడ్చినచోట ఆమె కూడా ఈ పిల్లకు బుద్ధి లేదంది. అంటూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

నవల వేళకు ఇచ్చేశాను, కార్డు నిలబడింది. అదే కార్డు మీద ఇంకో నవల తెచ్చి ముందు ఆమెకే ఇచ్చాను. నాలుగు రోజుల తర్వాత నా వంతుకు ఇస్తూ, ఇంకా అయిపోలేదనీ, శని ఆదివారాలు పూల పని ఎక్కువనీ చెప్పింది. మధ్యలో ఒక పేజీలో పూలు కట్టే దారం పెట్టి ఉంది.

ఆళ్లగడ్డ బస్సులో చదువుతూ చదువుతూ దారం దగ్గరికి వచ్చాను. కథ మంచి పట్టులో ఉంది. ఇల్లు ఇంకా దూరం. పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాను. పరీక్షలా అని పక్కావిడ అడిగింది. కాదు, ఇక్కడి నుంచి ఇంకొకరిదని చెప్పాను.