చెయ్యి జారిన చోటు

నా చిన్నప్పుడు మా కృష్ణగిరి పక్క పోచంపల్లి సంతకు పోయినప్పుడల్లా మా అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఒకే మాట చెప్పేది. "చెయ్యి జారిపోతే నన్ను ఎతకద్దు పాపా. జారిన తావులోనే నిలబడుకో. ఎతికేది నా పని." సంతలో చాలాసార్లు తప్పిపోయాను. ఉల్లిగడ్డల కుప్ప దగ్గరో, కోళ్ళ గంపల దగ్గరో కదలకుండా నిలబడితే అవ్వ వచ్చేసేది.

ఒక ఎండాకాలం, కొచ్చిలో మామిడిపండ్ల మండీలో పనిచేసే మా మామను చూడడానికి అవ్వ నన్ను వెంటబెట్టుకుని పోయింది. అంత పెద్ద ఊరు, అన్ని నీళ్ళు నేను చూడడం అదే మొదలు. మా కొండలంత ఎత్తున ఓడలు. వాటి కూతకు గుండె అదిరేది. మామ ఉండేది నీళ్ళకు అవతల. జనంతో కిక్కిరిసిన పడవ ఎక్కాము. అది బస్సు మాదిరే ఒక్కో రేవులో ఆగుతూ పోతుంది.

మేం దిగాల్సిన రేవు వచ్చింది. దిగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు ఒక్కసారిగా తోసుకున్నారు. నా చేతిలోంచి అవ్వ చెయ్యి జారింది. జనం అవ్వను గట్టు మీదికి నెట్టేశారు. నేను దారి చేసుకునేలోపల పడవ కదిలింది. అవ్వ అరుస్తోంది గానీ ఇంజను చప్పుడులో ఒక్క మాటా వినబడలేదు. చూస్తూండగానే మనిషి చిన్నదైపోయింది.

జారిన చోటే నిలబడాలి. ఆ చోటే కదిలిపోతుంటే ఏం చెయ్యాలి? పక్కనున్న ఇనుప కమ్మిని రెండు చేతులా పట్టుకున్నాను.

తర్వాతి రేవులో పడవ దాదాపు ఖాళీ అయింది. టికెట్లిచ్చే ఆయన దిగమని చెయ్యి ఊపాడు. చేపల గంప ఉన్న ఒకామె, నాకూ తెలిసే అరవంలో, "దిగు కన్నా, పోలీసాయన దగ్గర విడిచిపెడతాను" అని నా భుజం పట్టి లాగింది. మంచికే చెప్పింది. ఒక కాలు ముందుకు వేశాను కూడా. అవ్వ మాట గుర్తొచ్చి కమ్మిని వదల్లేదు.

"మా అవ్వ ఈడికే వస్తాది! నేను దిగను!" అని ఏడ్చాను.

ఆమె నవ్వి, "ఈ కమ్మి మీ నాయన చేయించాడా?" అంటూ దిగకుండా నా పక్కనే కూర్చుంది.

పడవ వెనక్కి తిరగలేదు. ఇంకా ముందుకు, ఇంకో రేవుకు పోయింది. ఎండ దిగిపోతోంది. అవ్వ కూడా ఏదో పడవ ఎక్కి నా కోసం ఎటో పోయుంటే? కమ్మిని ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

చివరికి పడవ మళ్ళింది. మా రేవు దగ్గరైంది. అవ్వ ఆ చోటే, పడవ తాడు కట్టే గుంజ పక్కనే నిలబడి ఉంది. నన్ను చూడగానే కూలబడిపోయింది.

"ఎతికేది నా పని అంటివి కదవ్వా, యాల రాలేదు?" అని గట్టు మీదికి దూకి అవ్వను పిడికిళ్ళతో కొట్టాను.

"నేనూ పడవెక్కితే, నువ్వొచ్చేసరికి ఈడ ఎవురుంటారే? నువ్వు కదలవని నాకు తెలుసు" అంది. మాట గట్టిగానే ఉంది. నా చెయ్యి మాత్రం మామ ఇల్లు చేరేదాకా వదల్లేదు.

ఇప్పుడు నాకూ అప్పటి మా అవ్వ వయసే. హోసూరు ఫ్యాక్టరీ నుంచి మనవరాలు వచ్చే బస్సు ఆలస్యమై, ఫోను కూడా కలవకపోతే, నా కాళ్ళు అటూ ఇటూ పరుగెత్తమంటాయి. నేను మాత్రం కృష్ణగిరి బస్టాండులో ఆ పిల్ల దిగే చోటే, కమ్మి పట్టుకుని నిలబడతాను.